ఇంటిపన్ను లెక్క తప్పితే

హైదరాబాద్‌లో ఇంటిపన్నుకు ఆధారం ఇంటి ధర కాదు, దాని వార్షిక అద్దె విలువ. 1955 నాటి మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం పెట్టిన పద్ధతి ఇది. ఇంటి ప్లింత్ ఏరియాను ఆ ప్రాంతంలో చదరపు అడుగుకు వచ్చే నెల అద్దెతో హెచ్చవేసి, దాన్ని పన్నెండు నెలలకు లెక్కగట్టి, వచ్చిన మొత్తంపై శాతం వేస్తారు. నివాస గృహాలకు ఆ శాతం 17 నుంచి 30 దాకా ఉంటుంది. నెలవారీ అద్దె విలువ 300 రూపాయలు దాటిన ఇంటికి 30 శాతమే. భవనం వయసు 25 ఏళ్ల లోపైతే 10 శాతం, 40 ఏళ్ల లోపైతే 20, ఆపైన 30 శాతం తరుగుదల తీసేస్తారు. గ్రంథాలయ సెస్సు అదనం.

అందుకే "పన్ను ఎక్కువైంది, తగ్గించండి" అని రాసే అర్జీకి బలం ఉండదు. కొలత, రేటు, వాడకం, వయసు: వీటిలో ఏది తప్పో, ఎంత తప్పో చూపించాలి.

ఎక్కువ తేడా వచ్చేది కొలతలోనే. ఉదాహరణకు, 1,200 చదరపు అడుగుల ఇల్లు రికార్డులో 1,350గా పడిందనుకుందాం. అడుగుకు నెలకు రూపాయి చొప్పున, 10 శాతం తరుగుదల పోను అసలు పన్ను 3,888 రూపాయలు కావాలి. తప్పు కొలతతో అది 4,374 అవుతుంది. తేడా 486 రూపాయలే అయినా, రికార్డు సరిచేసేదాకా ఏటా పడుతూనే ఉంటుంది. అయితే ఫిర్యాదుకు ముందు ఒక సంగతి గమనించాలి. ప్లింత్ ఏరియాలో బాల్కనీ, కప్పు ఉన్న గ్యారేజీ కూడా కలుస్తాయి. గదుల లోపలి కొలత మాత్రమే పట్టుకుని వెళ్తే వాదన అక్కడే వీగిపోతుంది.

వాడకం దగ్గర పడే తప్పు ఇంకా బరువైనది. కింద ఒక్క దుకాణం ఉంటే, పై అంతస్తులో కాపురం ఉన్నా మొత్తం భవనాన్ని వాణిజ్యంగా రాస్తే పన్ను అమాంతం పెరిగిపోతుంది. ఇక రేటు విషయానికొస్తే, అద్దెకిచ్చిన ఇంటికి అద్దె ఒప్పందం, సొంతంగా ఉంటున్న ఇంటికి ఆ చుట్టుపక్కల అలాంటి ఇళ్లకు వేసిన రేటు ఆధారాలు. ఒకే అపార్ట్‌మెంట్‌లో అంతే విస్తీర్ణం ఉన్న పక్క ఫ్లాట్ పన్ను రశీదును మించిన సాక్ష్యం దొరకడం కష్టం.

మదింపు పెంచుతూ ప్రత్యేక నోటీసు అందగానే గడువు మొదలవుతుంది. నోటీసులో చెప్పిన వ్యవధిలోగా, మామూలుగా 15 రోజుల్లో, కమిషనర్‌కు రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వాలి. మంజూరైన ప్లాను, రిజిస్టరు దస్తావేజు, పాత రశీదులు, ఫొటోలు జతచేసి, అర్జీ ముట్టినట్టు రశీదు తీసుకోవాలి. కొలతపై వివాదమైతే ఇల్లు మళ్లీ కొలవమని అర్జీలోనే అడగడం మంచిది. కొలిచేటప్పుడు యజమాని దగ్గరుండి, ఆ అంకెలు తానూ రాసుకోవాలి.

అక్కడ న్యాయం జరగలేదనిపిస్తే చట్టంలోని 282వ సెక్షన్ కింద సిటీ స్మాల్ కాజెస్ కోర్టు చీఫ్ జడ్జి దగ్గర అప్పీలు చేసుకోవచ్చు. దానికీ గడువు 15 రోజులే. పైగా ముందు కమిషనర్‌కు ఫిర్యాదు చేసి ఉండాలి, అడిగిన పన్ను జమ చేసి ఉండాలి. సామాన్యుడికి ఈ జమ షరతు కష్టమైనదే. అయినా వివాదం ఉందని పన్ను కట్టకుండా ఆపితే నెలకు 2 శాతం వడ్డీ పెరుగుతుంది, అప్పీలు దారీ మూసుకుపోతుంది.

ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో లెక్క వేరు. 2021 ఏప్రిల్ 1 నుంచి అక్కడ పన్ను మూలధన విలువపై పడుతోంది. నివాసాలకు ఆ విలువలో 0.10 నుంచి 0.50 శాతం, ఇతర కట్టడాలకు 0.20 నుంచి 2 శాతం. యజమాని ఉంటున్న 375 చదరపు అడుగుల లోపు ఇంటికి ఏడాదికి 50 రూపాయలే. అక్కడ సరిచూడాల్సింది రిజిస్ట్రేషన్ శాఖ ఆ వీధికి, ఆ తరహా కట్టడానికి నిర్ణయించిన విలువనే వాడారా లేదా అన్నది. కొత్త పద్ధతి తెచ్చినప్పుడు పాత పన్నుపై పెంపు ఏడాదికి 15 శాతం మించకూడదని పరిమితి పెట్టారు. అంతకు మించి వేశారని నిరూపించడానికి కిందటేడు రశీదు చాలు.