ఈ నెల ఆల్బమ్‌లు: సినిమా లేని రెండు కలలు

వన్ టౌన్ నుంచి మళ్ళీ మీ ముందుకొచ్చాను. ఈ నెల రెండు ఆల్బమ్‌లు చెప్తాను. తేదీ చూస్తే పాతవే, కానీ మనలో చాలామందికి ఇప్పటికీ కొత్తవే.

మొదటిది ‘డ్రీమ్’, 1995. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారు, కెనడా గిటారిస్టు మైకేల్ బ్రూక్‌తో కలిసి చేశారు. పీటర్ గాబ్రియేల్ పెట్టిన రియల్ వరల్డ్ కంపెనీ విడుదల చేసింది. మాండలిన్‌లో మన కర్ణాటక గమకాలు ఎక్కడికీ పోవు, చుట్టూ వాతావరణం మాత్రం మారిపోతుంది.

నిజం చెప్పాలంటే, మొదటిసారి కాళేశ్వరరావు మార్కెట్ రద్దీలో ఫోన్ స్పీకర్‌లో పెట్టి, ఏముందిలే అని ఆపేశాను. రాత్రి ఇయర్‌ఫోన్స్‌తో మొత్తం విన్నాకే తెలిసింది, తప్పు నాదేనని.

రెండోది బెంగళూరు బ్యాండ్ అగం వాళ్ళది, ‘ఎ డ్రీమ్ టు రిమెంబర్’, 2017. ఇందులో త్యాగరాజస్వామి ‘మనవ్యాలకించ’ కీర్తన వినండి. నళినకాంతి రాగం అదే, సాహిత్యం మన తెలుగే, వెనక మాత్రం డ్రమ్స్, ఎలక్ట్రిక్ గిటార్లు. రాక్ మనకి పడదు అనుకునేవాళ్ళు ఇక్కడ మొదలెట్టండి.

సినిమా పాటైతే హీరోతో పాటు జనంలోకి వచ్చేస్తుంది. వీటిని ఒకరు విని ఇంకొకరికి చెప్పాల్సిందే. అందుకే మధ్యలో ముక్కలు కాకుండా, మొదటి నుంచి చివరిదాకా ఒక్కసారి వినండి. నచ్చితే ఒక్కరికి చెప్పండి. వచ్చే నెల కలుద్దాం.