సామాన్యునికి విమానయానం: శ్రీ అశోక్ గజపతిరాజు హయాం నాటి విధానం, భోగాపురం విమానాశ్రయం

విమాన ప్రయాణం సంపన్నులకు మాత్రమే పరిమితం కారాదన్నది 2016 జాతీయ పౌర విమానయాన విధానానికి మూలసూత్రం. ఆ విధానం రూపొందిన కాలంలో కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి విజయనగరం లోక్‌సభ సభ్యులు శ్రీ పూసపాటి అశోక్ గజపతిరాజు. 2014 మే నుండి 2018 మార్చి వరకు ఆయన ఈ బాధ్యతలు నిర్వహించారు. 2024 జూన్‌లో అదే శాఖను పొరుగున ఉన్న శ్రీకాకుళం సభ్యులు శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు చేపట్టారు.

విధానం వెనుక ఆలోచన

2014-15లో దేశీయ విమాన టిక్కెట్లు 7 కోట్లు మాత్రమే అమ్ముడయ్యాయి. మధ్యతరగతి వారు ఒక్కొక్కరు ఏడాదికి ఒక్కసారి ప్రయాణించినా 35 కోట్ల టిక్కెట్లు కావాలని విధాన పత్రం అంచనా వేసింది. ప్రయాణించగల వారు ఉన్నప్పటికీ ఛార్జీలు అధికంగా ఉండడం, చిన్న పట్టణాలకు సర్వీసులు లేకపోవడం ఆటంకాలని గుర్తించడం జరిగింది.

ఇందుకు పరిష్కారంగా వచ్చినదే 'ఉడాన్' పథకం. దీని కింద సుమారు గంట ప్రయాణానికి, సగం సీట్లకు రూ. 2,500 గరిష్ఠ ఛార్జీ నిర్ణయించారు. విమాన సంస్థకు ఏర్పడే లోటును మూడేళ్లపాటు భర్తీ చేస్తారు. ఈ భారంలో సాధారణంగా కేంద్రం వాటా 80 శాతం, రాష్ట్రం వాటా 20 శాతం. కేంద్రం వాటాకు అవసరమైన నిధిని ప్రధాన మార్గాలలో నడిచే విమానాలపై సుంకం ద్వారా సమకూర్చుతారు. రాష్ట్రాలు ఆయా విమానాశ్రయాలలో ఇంధనంపై వ్యాట్‌ను ఒక శాతానికి తగ్గించాలి. 2017 ఏప్రిల్ 27న సిమ్లా-ఢిల్లీ మార్గంలో తొలి సర్వీసు ప్రారంభం కాగా, అదే రోజు కడప-హైదరాబాద్ సర్వీసు కూడా మొదలైంది.

అయితే పథకం అమలులో లోపాలు లేకపోలేదు. మూడవ విడత వరకు ఎంపికైన 774 మార్గాలలో 371 మాత్రమే ప్రారంభమయ్యాయని, రాయితీ గడువు ముగిసిన తరువాత కూడా 2023 మార్చి నాటికి కొనసాగుతున్నవి 54 మాత్రమేనని కాగ్ నివేదిక వెల్లడించింది. ఛార్జీ తగ్గించినంత మాత్రాన చాలదని, నిత్యం ప్రయాణికులు వచ్చే కేంద్రం కూడా అవసరమని ఈ అనుభవం తెలుపుతున్నది.

భోగాపురం ఆవశ్యకత

ఉత్తరాంధ్రకు అటువంటి కేంద్రంగా విజయనగరం జిల్లా భోగాపురం రూపొందింది. విశాఖపట్నం విమానాశ్రయం నౌకాదళ స్థావరంలో భాగమైనందున పౌర విమానాల రాకపోకలకు, విస్తరణకు పరిమితులు ఉన్నాయి. ఉన్న విమానాశ్రయానికి 150 కిలోమీటర్ల లోపు కొత్తది నిర్మించాలంటే కేంద్రం ప్రత్యేక అనుమతి అవసరం. 2016లో సూత్రప్రాయ ఆమోదం లభించింది. 2019 ఫిబ్రవరిలో, తిరిగి 2023 మేలో శంకుస్థాపనలు జరిగాయి. 2020 జూన్‌లో జీఎంఆర్ సంస్థతో ఒప్పందం కుదిరింది. తొలి దశలో ఏడాదికి 60 లక్షల మంది ప్రయాణికుల సామర్థ్యం, 3.8 కిలోమీటర్ల రన్‌వే నిర్దేశించారు. 2026 జనవరిలో విమానం ప్రయోగాత్మకంగా దిగింది.

భూమి ఇచ్చినవారు

2015లో 5 వేలకు పైగా ఎకరాల సేకరణకు ప్రకటన వెలువడగా రైతులు తీవ్రంగా వ్యతిరేకించారు. కొందరు న్యాయస్థానాలను ఆశ్రయించారు. తుదకు విస్తీర్ణం సుమారు 2,203 ఎకరాలకు తగ్గింది. మరడపాలెం, ముడసర్లపేట, బొల్లింకలపాలెం, రెల్లిపేట గ్రామాల వారు స్వగ్రామాలు వీడి పునరావాస కాలనీలకు తరలివెళ్లారు. ఆ కుటుంబాల యువతకు నైపుణ్య శిక్షణ, విమానాశ్రయంలోనూ అనుబంధ పరిశ్రమలలోనూ ఉపాధి లభించడం ఈ ప్రాజెక్టుకు తొలి పరీక్ష.

రెండవది అనుసంధానం. చెన్నై-కోల్‌కతా జాతీయ రహదారి సమీపాన ఉండడం భోగాపురానికి అనుకూలాంశం. అయితే ఇచ్ఛాపురం, సాలూరు, పార్వతీపురం వంటి దూర ప్రాంతాల నుండి నేరుగా బస్సులు నడిచినపుడే దాని ప్రయోజనం పూర్తిగా అందుతుంది. చేపల వేటకు గుజరాత్‌లోని వేరావల్‌కు, పనుల కోసం చెన్నై, హైదరాబాద్‌లకు ఈ ప్రాంత ప్రజలు ఏటా వేల సంఖ్యలో వలస వెళుతున్నారు. అత్యవసర సమయంలో వారు అందుబాటు ఛార్జీతో ఇంటికి చేరుకోగలిగిననాడే 2016 విధాన లక్ష్యం ఉత్తరాంధ్రలో నెరవేరినట్లు భావించవచ్చు.