మగవాళ్ల కార్డుకి జేబు ఎటువైపు?

చేత్తో గ్రీటింగ్ కార్డులు చేసేవాళ్లని ఎవరినైనా కదిలించండి. ఆడవాళ్లకి చెయ్యడం గంట పని, మగవాళ్లకి చెయ్యడం వారం పని అంటారు. పని ఎక్కువై కాదు. వారంలో ఆరు రోజులు "ఏం వెయ్యాలి?" అనుకుంటూ కూర్చోవడానికే సరిపోతాయి. దుకాణంలో దొరికే సరుకంతా పూలు, సీతాకోకచిలుకలు, లేసులు, గులాబీరంగు పూసలు. అవి పక్కన పెడితే మిగిలేవి టై, మీసం, కారు. మా తాడేపల్లిలో టై కట్టుకున్న మగమనిషి కనబడాలంటే పొద్దున్నే స్కూలు బస్సు ఆగే చోట నిలబడాలి. వాళ్లకి పదేళ్లు దాటి ఉండవు.

పోనీ, పూలు మగవాళ్లకి నప్పవన్న మాటైనా నిలుస్తుందా అంటే, ఇక్కడ అదీ నిలవదు. మంగళగిరి పక్కన నిడమర్రు, బేతపూడి వైపు మల్లెతోటలున్నాయి. తోటకి పెట్టుబడి పెట్టిన రైతుకి మల్లెమొగ్గ అంటే సుకుమారం కాదు, కిలో ధర. ఆయన కార్డు మీద మొగ్గ వేసి ఇస్తే సిగ్గుపడడు, ఇవాళ రేటెంతో చెబుతాడు.

అసలు చిక్కు ఇక్కడుంది. 'మగవాళ్లు' అని మొదలుపెడితే ఏమీ తట్టదు. మగవాళ్లెవరూ మన ఇంట్లో ఉండరు కదా. ఉండేది నాన్న, బాబాయి, బావ, మామయ్య. ఆ ఒక్క మనిషి చేతిలో, జేబులో, భుజం మీద ఏముంటుందో చూస్తే సగం కార్డు అయిపోయినట్టే. మనం వాళ్లని రోజూ చూస్తాం కానీ ఎప్పుడూ పరికించం. అది కత్తెర తప్పు కాదు.

ఈ తటపటాయింపు లోకం మొత్తానికీ ఉన్నదే. అమెరికాలో అమ్మల దినానికి 1914లోనే ప్రభుత్వ గుర్తింపు దొరికింది. నాన్నల దినాన్ని 1910లో స్పోకేన్ ఊళ్లో మొదలుపెట్టినా, చట్టం వచ్చేసరికి 1972 అయింది. అమ్మల తర్వాత నాన్నలు యాభై ఎనిమిదేళ్లు ఆగారు. అడగలేదు కాబట్టి ఎవరూ ఇవ్వలేదేమో.

మనకి కార్డు కొత్త కాదు. పెళ్లి శుభలేఖ నాలుగు మూలలా పసుపు అద్దే చెయ్యి చేసేది ఇదే పని: అచ్చులో వచ్చిన కాగితాన్ని మన ఇంటి కాగితం చెయ్యడం. ఆ నాలుగు చుక్కలు లేకపోతే అది వట్టి ఆహ్వానం.

ఇక పనిలోకి.

ముందు కాగితం. జెరాక్స్ కాగితం 75 జీఎస్ఎం ఉంటుంది, అంటే చదరపు మీటరుకి 75 గ్రాములు. కార్డుకి అది చాలదు, నిలబెడితే పడుకుంటుంది. 220 నుంచి 300 దాకా ఉన్నది అడగండి. మేమైతే ప్రకాశం బ్యారేజీ దాటి విజయవాడ వెళ్తాం. ఏ4 షీటుని అడ్డంగా సగానికి కోస్తే రెండు ముక్కలొస్తాయి. ఒక్కో ముక్కని మధ్యకి మడిస్తే 105 మిల్లీమీటర్ల వెడల్పు, 148 ఎత్తు ఉన్న కార్డు. ఒక షీటుకి రెండు కార్డులు. ఒకటి పాడుచేసుకోవడానికి.

కాగితానికీ చెక్కలాగే పోగు ఉంటుంది. మిల్లులో నారలన్నీ యంత్రం నడిచే దిక్కుకి పడుకుంటాయి. షీటుని మెల్లగా అటూ ఇటూ వంచి చూస్తే ఒకవైపు సులువుగా వంగుతుంది, మడత అటే రావాలి. అడ్డం మడిస్తే గీత వెంట పగుళ్లొస్తాయి. మడిచే ముందు ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో స్కేలు పెట్టి గట్టిగా ఒక గీత గియ్యాలి. గీత పల్లం కార్డుకి బయటివైపు ఉండాలి, దాని వెనక లేచిన గట్టు లోపలికి పోవాలి. చాలామంది దీన్ని తిరగేసి మడిచి, కాగితం మంచిది కాదని దుకాణంవాడిని తిడతారు.

ఇప్పుడు మూడు నమూనాలు.

మొదటిది పంచె అంచు. తెల్లటి కార్డు, కుడివైపు నిలువునా ఒక జరీ పట్టీ. అంతే, ఇంకేం వెయ్యకూడదు. మంగళగిరి నేతగుడ్డ ముక్కలు కుట్టుపని చేసేవాళ్ల దగ్గర మిగిలే ఉంటాయి, అంచున్న పీలిక ఒకటి అడిగి తెచ్చుకోండి. గుడ్డని కోసేముందు వెనకవైపు పల్చగా జిగురు రాసి ఆరనివ్వాలి, లేకపోతే పోగులు ఊడొస్తాయి. కార్డుకి మాత్రం రెండు వైపులా అంటుకునే టేపుతో అతికించండి. ఫెవికాల్‌లో నీళ్లుంటాయి కాబట్టి కార్డు తాటాకులా వంకర తిరుగుతుంది. తాతయ్యలకి, మేనమామలకి ఇది తిరుగులేని కార్డు.

రెండోది మిర్చి టిక్కీ. గుంటూరు మిర్చి యార్డులో బస్తాని టిక్కీ అంటారు. గోనెసంచి ముక్క ఒకటి కార్డు మీద అతికించి, దానిమీద బస్తా మార్కాలాగా నల్లరంగుతో పేరు అద్దాలి. అచ్చుపలకకి పాత ఎక్స్‌రే ఫిల్ము బాగుంటుంది. తెలుగుతో ఒక ఇబ్బంది ఉంది. మనవి గుండ్రటి అక్షరాలు. సున్నా కోస్తే మధ్య బిళ్ల ఊడి కింద పడుతుంది. అందుకని సున్నాలో ఒక చిన్న వంతెన కోయకుండా వదలాలి. పేరు కింద "రకం: తేజ. తాలు: లేదు" అని రాస్తే, మిరప పండించిన మనిషి మిమ్మల్ని మర్చిపోడు. జీవితంలో ఒక్కసారైనా తాలు కింద కొట్టెయ్యకుండా ఎవరో తూకం వేశారని సంతోషిస్తాడు. నిజం ఎండుమిరపకాయ మాత్రం అతికించకండి. కవరులో నలిగి గింజలు రాలతాయి, విప్పిన మనిషి తుమ్ముతాడే తప్ప దీవించడు.

మూడోది చొక్కా. కార్డే చొక్కా ముందుభాగం అనుకోండి. రెండు సెంటీమీటర్ల వెడల్పు పట్టీ తీసుకుని, రెండు కొసలూ ఐమూలగా కిందికి మడిచి, మధ్యలో కలిసేలా పైన అతికిస్తే కాలరు. నాలుగు సెంటీమీటర్ల చదరం కోసి, మూడు వైపులా అతికించి పైన వదిలేస్తే జేబు. ఇక్కడే అందరూ తప్పుతారు. చొక్కా జేబు తొడుక్కున్నవాడికి ఎడమవైపు, అంటే చూసే మనకి కుడివైపు. గుండీలున్న పట్టీ మీదకి వచ్చే మడత కూడా మనకి కుడివైపుదే. అవతలి మనిషి టైలరైతే చదవకముందే పట్టేస్తాడు. కార్డు జేబులో, అందుకునే మనిషి జేబులో ఉండేదే పెట్టాలి: బస్సు టికెట్టు, చీటీ రాసిన కాగితం, పెన్ను క్యాప్ బొమ్మ. మా ఊళ్లో కృష్ణా కెనాల్ జంక్షన్ ఉంది కాబట్టి రైల్వేలో చేసి రిటైరైనవాళ్లకి లోటు లేదు. వాళ్ల జేబులో నేను అట్టముక్కతో విజిల్ పెడతాను.

ఇక లోపలి మాట. "హృదయపూర్వక శుభాకాంక్షలు" రాయకండి, అది ఫ్లెక్సీ భాష. "మీరే నా ధైర్యం" కూడా వద్దు. అది చదివిన మామయ్య ఎటు చూడాలో తెలియక ఫ్యాను వైపు చూస్తాడు. జరిగిన సంగతి ఒక్కటి రాయండి. "బాబాయ్, పదో తరగతి పరీక్షకి నన్ను ఉండవల్లి సెంటర్ దాకా సైకిలు మీద దింపావు. గాలి లేని చక్రంతో." ఇలాంటిదానికి ఆయన కళ్లు తుడుచుకోడు, "అది గాలి లేక కాదు, పంక్చరు" అని సరిదిద్దుతాడు. కార్డు పనిచేసిందనడానికి అదే గుర్తు.

మెచ్చుకోలు మాత్రం ఆశించకండి. మా మామగారికి నేను చేసిన మొదటి కార్డు చొక్కాదే. నిజం గుండీలు, నాలుగు, దారంతో కుట్టి మరీ పెట్టాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి "ఎంతయిందమ్మా?" అన్నారు. చేసిందేనని చెప్తే "అట్లాగా" అని టీవీ పెట్టుకున్నారు. ఏడాది తర్వాత ఆధార్ కార్డు వెతుకుతుంటే, బ్యాంకు పాస్‌బుక్కు, కరెంటు బిల్లులు పెట్టుకునే ప్లాస్టిక్ కవరులో అది దొరికింది. గుండీలు లేవు. కవరులో పట్టక, దారం జాగ్రత్తగా కోసి తీసేశారు. గుండీలు అత్తగారి కుట్టుపెట్టెలో ఉన్నాయి.

అప్పటినుంచీ గుండీలు పెన్నుతోనే గీస్తున్నాను. కార్డు మొదలుపెట్టే ముందు వాళ్ల ప్లాస్టిక్ కవరు కొలత కూడా తీసుకుంటున్నాను.