టేపుతో ఎద్దును తూచే చదువు
హైస్కూలు పిల్లలకు చేతిపని: పాబల్ గ్రామం చూపిన దారి

ఎద్దును కాటా ఎక్కించకుండా దాని బరువు చెప్పగలమా? చెప్పవచ్చు. అందుకు కావలసినవి రెండే. ఒకటి దర్జీ టేపు. రెండవది హెచ్చవేత, భాగహారం వచ్చిన ఒక హైస్కూలు విద్యార్థి.

ముంగాళ్ళ వెనుకగా ఎద్దు ఛాతీ చుట్టుకొలతను అంగుళాలలో కొలవాలి. తరువాత భుజం మొన నుంచి వెనుక పిరుదు ఎముక దాకా పొడవు కొలవాలి. చుట్టుకొలతను అదే సంఖ్యతో హెచ్చవేసి, వచ్చినదాన్ని పొడవుతో హెచ్చవేసి, 660తో భాగించాలి. చుట్టుకొలత 60 అంగుళాలు, పొడవు 50 అంగుళాలు అయితే ఆ ఎద్దు సుమారు 273 కిలోలు ఉన్నట్టు. కాటా తూకానికి అటూ ఇటూ కొంత తేడా ఉన్నా, మేత లెక్కకు ఇది చాలు. పశువు రోజుకు తన బరువులో రెండు నుంచి రెండున్నర శాతం ఎండు మేత తినాలంటారు. ఆ లెక్కన ఈ ఎద్దుకు ఆరేడు కిలోలు కావాలి. పచ్చిగడ్డిలో నీరే ఎక్కువ గనుక అది ఇంకా ఎక్కువ వేయాలి.

నల్లబల్ల మీద ఇదే లెక్క వేస్తే పిల్లవాడు పరీక్ష కాగానే మరచిపోతాడు. కొట్టంలో తమ సొంత ఎద్దుకు టేపు చుట్టి వేసిన లెక్క జన్మలో మరచిపోడు. హైస్కూలు పిల్లలకు ఇటువంటి చదువు చెప్పి చూపిన ఊరు మహారాష్ట్రలో ఉంది.

వానలు లేని ఊళ్ళో

పూణె జిల్లాలో పాబల్ వర్షాభావ గ్రామం. శ్రీనాథ్ కల్బాగ్ అనే శాస్త్రవేత్త హిందుస్థాన్ లీవర్ కంపెనీలో పెద్ద ఉద్యోగం వదులుకుని 1983లో ఇక్కడ విజ్ఞాన్ ఆశ్రమ్ స్థాపించారు. బడి మానేసిన పల్లె పిల్లలకు చేతులతో పని చేయిస్తూ సైన్సు నేర్పాలన్నది ఆయన సంకల్పం. పుస్తకంతో పాఠం ఎక్కని పిల్లవాడు మొద్దు కాడని, పని ద్వారా వాడికీ చదువు ఎక్కుతుందని ఆయన నమ్మారు. ఆయన 2003లో కన్నుమూశారు.

ఇదే పద్ధతిని తరువాత చుట్టుపట్ల హైస్కూళ్ళకూ తీసుకువెళ్ళారు. 8, 9, 10 తరగతుల వారికి వారంలో ఒక రోజు చేతిపనికే కేటాయించారు. మహారాష్ట్ర పదో తరగతి బోర్డు దీనిని ఒక సబ్జెక్టుగా గుర్తించింది. పిల్లవాడు చేసిన పనికి మార్కులు వచ్చాయి. తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు దానిని లెక్కలోకి తీసుకోవడానికి ఇది ముఖ్య కారణం.

పని నాలుగు భాగాలు. మొదటిది వర్క్‌షాపు: వెల్డింగు, వడ్రంగం, ఇటుక పని, ఇనుప జాలీ మీద సిమెంటు పూసి తొట్లు కట్టడం. రెండవది కరెంటు, ఇంధనం: వైరింగు, గోబర్ గ్యాస్, సౌరశక్తి, వానమాపకం, భూమి సర్వే. మూడవది ఇల్లు, ఆరోగ్యం: వంట పదార్థాల తయారీ, రక్తం గ్రూపు, రక్తహీనత పరీక్షలు. నాలుగవది సేద్యం, పశువులు: మట్టి పరీక్ష, అంటు కట్టడం, మన టేపు లెక్క.

ఆడపిల్లలు వెల్డింగు పట్టాలి, మగపిల్లలు వంట చేయాలి. ఇది మగవాళ్ళ పని, అది ఆడవాళ్ళ పని అన్న మాట లేదు. పని మొదలు పెట్టే ముందు బొమ్మ గీయాలి. పూర్తయ్యాక ఇనుము ఎంత, కరెంటు ఎంత, కూలి ఎంత అని ఖర్చు కట్టాలి.

కూలి పని నేర్పడానికా బడి?

ఈ ప్రశ్న కొత్తది కాదు. 1937లో వార్ధాలో గాంధీజీ చేతివృత్తి ద్వారా విద్య అన్నప్పుడే ఇది వచ్చింది. 1964-66 నాటి కొఠారీ కమిషన్ పని అనుభవం కావాలన్నది. 1977లో ఈశ్వరభాయ్ పటేల్ కమిటీ సమాజానికి పనికివచ్చే ఉత్పాదక శ్రమ అన్నది. మన హైస్కూళ్ళలో క్రాఫ్ట్ పీరియడును, తకిలీ మీద నూలు వడకడాన్ని గుర్తుచేసుకునే పెద్దలు నేటికీ ఉన్నారు. మార్కులు లేని ఆ పీరియడును లెక్కల మాష్టారో, ఇంగ్లీషు మాష్టారో అడిగి తీసుకోవడమూ వారికి గుర్తే.

తరతరాలుగా కులవృత్తిలో మగ్గినవారు ఆ పని నుంచి బయటపడాలనే బిడ్డను బడికి పంపారు. బడిలోనూ అదే పని అంటే వారికి కోపం రావడం న్యాయమే. కాబట్టి కమ్మరి బిడ్డకు కొలిమి, కుమ్మరి బిడ్డకు సారె అనకూడదు. పాబల్ పద్ధతిలో అందరూ అన్ని పనులూ చేస్తారు. పైగా ప్రతి పనికీ వెనుక ఉన్న ‘ఎందుకు’ను అడుగుతారు. కూలి పనిలో ఆ ప్రశ్నకు చోటు లేదు, చదువులో ఉంది.

గది ఉంటే చాలదు

2016లో కేంద్రం అటల్ టింకరింగ్ ల్యాబుల పథకం తెచ్చింది. 6 నుంచి 12 తరగతుల విద్యార్థుల కోసం ఒక్కో పాఠశాలకు గరిష్ఠంగా 20 లక్షల రూపాయలు. ఎలక్ట్రానిక్ పరికరాలు, సెన్సర్లు, వస్తువును పొర మీద పొరగా అచ్చు తీసే త్రీడీ ప్రింటర్లు ఇందులో ఉంటాయి. దేశంలో ఇటువంటివి 10,000 పాఠశాలల్లో నెలకొల్పారు. ప్రభుత్వ పాఠశాలల్లో ఐదేళ్ళలో మరో 50,000 పెడతామని 2025 బడ్జెటులో ప్రకటించారు.

సామాను పోతుందని, పాడవుతుందని భయపడి గదికి తాళం వేస్తే ఆ 20 లక్షలూ బీరువాలో దాచిన విత్తనాలే. చిన్న పనితో మొదలు పెట్టవచ్చు. బడి మీద నీళ్ళ ట్యాంకు నిండి పొర్లిపోతుందనుకుందాం. ఒక బజరు, ఒక ట్రాన్సిస్టరు, ఒక రెసిస్టరు, తొమ్మిది ఓల్టుల బ్యాటరీ, రెండు తీగలు చాలు. నీళ్ళు పైకి వచ్చి రెండు తీగలనూ తాకితే స్వల్పంగా విద్యుత్తు పారి బజరు మోగుతుంది. ఇంటి కరెంటు జోలికి పోనక్కరలేదు, షాకు భయం లేదు.

మొదటిసారి అది మోగకపోవచ్చు. తీగ కురచ కావచ్చు, తుప్పు పట్టవచ్చు. ఎందుకు మోగలేదో వెతకడమే అసలు పాఠం. కొలిచి, గీసి, చేసి, చెడితే దిద్దడాన్నే ఇంజనీర్లు డిజైను అంటారు.

ఊరి పనివారూ గురువులే

దీనికి ఎమ్మెస్సీ చదివినవారే రానక్కరలేదు. 2020 నాటి జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతుల వారికి పుస్తకాల సంచి లేని పది రోజులు ఉండాలని, ఆ రోజుల్లో స్థానిక వడ్రంగులు, కుమ్మరులు, తోటమాలులు వంటివారి వద్ద పని నేర్పాలని చెప్పింది. మోటారు చుట్టే మేస్త్రీ, ట్రాక్టరు మెకానిక్కు, వెల్డరు లేని మండల కేంద్రం అరుదు. వారు చెయ్యి తిప్పడం నేర్పితే, మాష్టారు దాని వెనుక సూత్రం చెప్పవచ్చు. వెల్డింగు దగ్గర కంటి అద్దాలు, చేతి తొడుగులు మాత్రం తప్పనిసరి.

పదో తరగతి తప్పిన పిల్లవాణ్ణి ఊరు సులభంగా పనికిమాలినవాడంటుంది. వాడు కొలవగలిగిందేమిటో, కట్టగలిగిందేమిటో ఎవరూ అడగలేదు. తల్లిదండ్రుల కమిటీ సమావేశంలో మార్కులతో పాటు ఇకపై మరో మాట అడగవలసి ఉంది: ‘ఈ నెల పిల్లలు ఏం చేశారు? ఆ గది తాళం ఎవరి దగ్గర ఉంది?’