వాపు తగ్గితే గాయం మానినట్టేనా?

గత సంక్రాంతికి మా ఊళ్ళో కబడ్డీ ఆడుతూ, కూతకు వెళ్ళి గిరుక్కున వెనక్కి తిరిగాను. పాదం నేలలో పాతినట్టు అక్కడే ఉండిపోయింది. ఒళ్ళు మాత్రం తిరిగింది. నన్నెవరూ తాకనైనా లేదు. మోకాట్లో టప్పుమని చప్పుడైంది. కాసేపట్లో మోకాలు కొబ్బరికాయంత వాచింది. పసరు కట్టు కట్టించారు. మూడు వారాలకు వాపు పోయింది. "తగ్గిందిగా, చేలో నీళ్ళు పెట్టిరారా" అన్నాడు నాన్న. గట్టు దిగుతూంటే మోకాలు జారి బురదలో కూలబడ్డాను.

మరి తగ్గిందేమిటి? తగ్గనిదేమిటి?

మోకాలి లోపల తొడ ఎముకనూ కాలి ఎముకనూ కలుపుతూ క్రూసియేట్ లిగమెంట్లు రెండు కత్తెరలా ఒకదాన్నొకటి దాటి ఉంటాయి. వాటిలో ముందుది కాలి ఎముక ముందుకు జారకుండా, మెలి తిరగకుండా ఆపుతుంది. పడుచు వయసులో సుమారు 2,000 న్యూటన్ల లాగుడును, అంటే రెండు క్వింటాళ్ళ బరువును, తట్టుకోగలదు. పాదం కదలకుండా ఒళ్ళు మెలి తిరిగితే అదీ తెగుతుంది.

చర్మం తెగినచోట రక్తం గడ్డకట్టి, ఆ గడ్డే ఆధారంగా కొత్త కణజాలం అల్లుకుంటుంది. మోకాలి కీలులోని ద్రవం తెగిన కొసల మధ్య గడ్డను నిలవనివ్వదు. లోపల చేరిన రక్తం ఇంకిపోయి వాపు తగ్గుతుంది; పూర్తిగా తెగిన లిగమెంటు మాత్రం సాధారణంగా అతకదు.

1895లో ఇంగ్లండులోని లీడ్స్‌లో మేయో రాబ్సన్ అనే సర్జను ఒక గని కార్మికుడికి తెగిన కొసలను కుట్టారు. 1917లో హే గ్రోవ్స్ తొడ పక్కనుండే పట్టీతో కొత్త లిగమెంటునే అమర్చారు. కుట్లు చాలామందిలో నిలవకపోవడంతో ఈ రెండో దారే స్థిరపడింది. ఇప్పుడు తొడ వెనుక నుంచో, మోకాలిచిప్ప కింద నుంచో టెండన్ తీసి, ఎముకల్లో తొలిచిన సొరంగాల గుండా పోనిచ్చి బిగిస్తారు. ఆ టెండన్ మొదట బలహీనపడి, రక్తనాళాలు అల్లుకున్నాకే మెల్లగా గట్టిపడుతుంది. అందుకే కనీసం తొమ్మిది నెలలు ఆట వద్దంటారు.

అందరికీ ఆపరేషను అక్కర్లేదు. కొందరికి వ్యాయామంతోనే సరిపోతుంది. కానీ జారే మోకాలితో ఆడితే ఎముకల మధ్యనున్న మెత్తలు కూడా చిరుగుతాయి.

నాకు ఆపరేషనై ఐదు నెలలు. ఈ ఏడు కాలేజీ జట్టులో నా పేరు లేదు. "తొందరేం లేదురా, నీళ్ళు నే పెడతాలే" అంటున్నాడు నాన్న. మిత్రులారా! మోకాట్లో చప్పుడై వాస్తే, వాపు తగ్గినా సరే, ఎముకల డాక్టరుకు చూపించాకే మళ్ళీ బరిలో దిగండి.