హోప్ ఐలాండ్: పగలు వలలు.. రాత్రి తాబేళ్లు! కాకినాడ ముందున్న ఇసుక దీవికి ఈ సీజన్ ఎందుకంత కీలకం?

శివరాత్రి దగ్గర పడేకొద్దీ చలి తగ్గుముఖం పడుతుంది. కాకినాడ తీరంలో మాత్రం అసలు సందడి ఉండేది అప్పుడే. నగరానికి ఎదురుగా, సముద్రంలో సన్నటి గీతలా కనిపించే హోప్ ఐలాండ్‌లో పగలంతా మత్స్యకారుల పడవలు, వలలు. చీకటి పడ్డాక అదే ఇసుక మీదకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. అయితే ఇదే సీజన్‌లో చనిపోయిన తాబేళ్లు కూడా ఒడ్డుకు కొట్టుకొస్తుంటాయి. ఎందుకిలా జరుగుతోంది? ఆపే మార్గం ఉందా?

గోదావరి కట్టిన గోడ

హోప్ ఐలాండ్ రాతి దీవి కాదు, మొత్తం ఇసుకే. గోదావరి మోసుకొచ్చిన ఇసుకను, ఒండ్రును అలలు, సముద్ర ప్రవాహాలు ఒకచోట పేర్చడంతో గత రెండు శతాబ్దాల్లో ఇది ఏర్పడింది. పొడవు సుమారు 16 కిలోమీటర్లు ఉంటే, వెడల్పు మాత్రం చాలా తక్కువ. బంగాళాఖాతం నుంచి వచ్చే పెద్ద అలలు ముందుగా ఈ ఇసుక దిబ్బనే ఢీకొంటాయి. అందుకే దీవి వెనుక ఉన్న కాకినాడ అఖాతం ప్రశాంతంగా ఉంటుంది. తుపాన్ల సమయంలో నగరానికీ, ఓడరేవుకూ ఇదే అడ్డుగోడ.

ఈ దీవి కోరంగి వన్యప్రాణి అభయారణ్యంలో భాగం. 1978లో ఏర్పాటైన ఈ అభయారణ్యం సుమారు 235 చదరపు కిలోమీటర్ల మేర విస్తరించి ఉంది. ఇక్కడి మడ అడవుల్లో బావురు పిల్లులు, నీటి కుక్కలు కూడా ఉన్నాయి.

పడవ కదిలితేనే ఏ పనైనా

దీవిలో ఉండేది చిన్న మత్స్యకార పల్లె. ఇక్కడికి వంతెన లేదు. సరుకులు కావాలన్నా, ఆస్పత్రికి వెళ్లాలన్నా పడవ ఎక్కాల్సిందే. తెల్లవారకముందే వేటకు వెళ్లడం, వచ్చాక చేపలు వేరు చేయడం, వలలు బాగుచేసుకోవడం.. రోజంతా ఇదే పని. వాన భయం లేని ఈ నెలల్లో నెత్తళ్లు, చిన్న రొయ్యలు ఎండబెట్టుకోవడానికి ఎండ కూడా బాగా కాస్తుంది.

ఆటు సమయంలో నీరు వెనక్కి తగ్గగానే అఖాతంలో బురద నేలలు బయటపడతాయి. ఆ బురదలోని పురుగులు, చిన్న పీతల కోసం వలస పక్షులు గుంపులుగా దిగుతాయి. వీటిలో చాలా వరకు ఉత్తరాది దేశాల నుంచి చలికాలం గడపడానికి వచ్చినవే. ఎండలు ముదిరేలోపు మళ్లీ వేల కిలోమీటర్లు ఎగరాలి కాబట్టి ఇప్పుడు కడుపునిండా తిని ఒంట్లో కొవ్వు పెంచుకుంటాయి. అరుదైన ఇండియన్ స్కిమ్మర్ కూడా చలికాలంలో కాకినాడ తీరానికి వస్తుంది. దీన్ని గుర్తుపట్టడం తేలిక. నారింజ రంగు ముక్కులో కింది భాగం పై భాగం కంటే పొడవుగా ఉంటుంది. ఎగురుతూనే దాన్ని నీటిలో ఆనించి, తగిలిన చేపను పట్టేస్తుంది.

రాత్రి ఒడ్డుకొచ్చే అతిథులు

ఆలివ్ రిడ్లే తాబేళ్లు జనవరి నుంచి ఏప్రిల్ వరకు ఈ తీరంలో గుడ్లు పెడతాయి. ఒడ్డుకు వచ్చేది ఆడ తాబేళ్లే. మగవి సముద్రంలోనే ఉండిపోతాయి. రాత్రి వేళ అలలు తాకని చోటు వరకు పాక్కుంటూ వెళ్లి, వెనుక కాళ్లతో దాదాపు మూరెడు లోతు గుంత తవ్వుతాయి. ఒక్కో గూటిలో 100 వరకు, ఒక్కోసారి అంతకు మించి గుడ్లు ఉంటాయి. పెట్టాక ఇసుక కప్పేసి సముద్రంలోకి వెళ్లిపోతాయి. మళ్లీ ఆ గూటి వైపు రావు.

గుడ్లు పొదిగేది ఇసుకలోని వేడే. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటకు వస్తాయి. పుట్టేది ఆడదా, మగదా అన్నది కూడా ఆ వేడే తేలుస్తుంది. ఇసుక బాగా వేడెక్కితే ఆడవి ఎక్కువగా, కాస్త చల్లగా ఉంటే మగవి ఎక్కువగా పుడతాయి. అంటే చలి పూర్తిగా పోకముందు పెట్టిన గూళ్లకు, మండుటెండల్లో పొదిగే గూళ్లకు తేడా ఉంటుందన్నమాట. కుక్కలు, నక్కలు గుడ్లను తవ్వి తినేస్తాయి కాబట్టి అటవీ శాఖ సిబ్బంది గుడ్లను సేకరించి, కంచె వేసిన సంరక్షణ కేంద్రాల్లో పొదిగిస్తారు. పిల్లలు బయటకు రాగానే సముద్రంలో వదులుతారు.

మరి ఎందుకు చనిపోతున్నాయి?

తాబేలు నీటిలో బతికినా ఊపిరి పీల్చుకునేది గాలినే. మధ్యమధ్యలో పైకి రావాల్సిందే. ట్రాలర్లు వలను గంటల తరబడి నీటి అడుగున లాగుతూ ఉంటాయి. అందులో చిక్కిన తాబేలు పైకి రాలేక ఊపిరాడక చనిపోతుంది.

అసలు చిక్కు ఎక్కడుందంటే.. తూర్పు తీరంలో వేట నిషేధం ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు. చేపల సంతానోత్పత్తిని దృష్టిలో పెట్టుకుని పెట్టిన తేదీలివి. తాబేళ్లు తీరానికి దగ్గరగా తిరిగేది మాత్రం జనవరి నుంచే. అంటే నిషేధం మొదలయ్యేసరికి వాటి సీజన్ దాదాపు అయిపోతుంది. వేట జోరుగా సాగే రోజులూ, తాబేళ్లు గుడ్లు పెట్టే రోజులూ ఒకటే.

‘టెడ్’ అంటే ఏంటి?

దీనికి పరిష్కారంగా చెప్పేది టర్టిల్ ఎక్స్‌క్లూడర్ డివైస్, క్లుప్తంగా టెడ్. ఇది వల లోపల బిగించే కమ్మీల చట్రం. రొయ్యలు, చేపలు కమ్మీల సందుల్లోంచి వల చివరకు వెళ్లిపోతాయి. పెద్దగా ఉండే తాబేలు చట్రానికి తగిలి, పక్కనే ఉన్న ద్వారం నుంచి బయటపడుతుంది. మన దేశ వలలకు సరిపోయే టెడ్‌ను కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ రూపొందించింది.

అయితే ఆ ద్వారం నుంచి కొంత చేప కూడా పోతుందన్నది బోటు యజమానుల భయం. వాడకపోయినా నష్టమే. తాబేళ్ల రక్షణ చర్యలు సరిపోవంటూ 2019లో అమెరికా మన సముద్రాల్లో పట్టిన రొయ్యల దిగుమతిని ఆపేసింది.

చిన్న పడవల వాళ్ల బాధ వేరు. తాబేలును కూర్మావతారంగా కొలిచే మత్స్యకారులు, అది వలలో పడితే వల కోసి మరీ వదిలేస్తారు. కానీ వల ఖరీదు వాళ్లకు తక్కువేమీ కాదు. మహారాష్ట్రలో ఇలా రక్షిత జీవులను వదిలిన మత్స్యకారులకు ప్రభుత్వం రూ.25 వేల వరకు పరిహారం ఇస్తోంది. ఇక్కడా అలాంటి భరోసా ఉంటే తాబేలును కాపాడే భారం పేద మత్స్యకారుడి ఒక్కడి మీదే పడదు.

చూడటానికి వెళ్తున్నారా? ఇవి గుర్తుంచుకోండి

• అభయారణ్యం కాబట్టి అటవీ శాఖ అనుమతి ఉందో లేదో ముందే కనుక్కోండి.
• తాబేలు కనిపిస్తే దూరంగా, దాని వెనుక వైపే ఉండండి. ఫ్లాష్, సెల్‌ఫోన్ లైట్ వేయొద్దు. వెలుతురు చూస్తే గుడ్లు పెట్టకుండానే వెనక్కి వెళ్లిపోవచ్చు.
• పిల్లలు వెలుతురు ఉన్న వైపే నడుస్తాయి. ఒడ్డున లైట్లు, మంటలు ఉంటే సముద్రం అనుకుని దారి తప్పుతాయి.
• గుడ్లు, పిల్లలను ముట్టుకోవద్దు. ఆలివ్ రిడ్లేలు వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని షెడ్యూల్-1లో ఉన్నాయి. హాని చేస్తే జైలు శిక్ష తప్పదు.
• ప్లాస్టిక్ కవర్లు, బాటిళ్లు దీవిలో వదలకుండా వెనక్కి తెచ్చేయండి.

వెయ్యి పిల్లలు సముద్రంలోకి వెళ్తే పెద్దయ్యేది ఒకటో రెండో అని నిపుణులు చెబుతారు. అలా బతికి, పదేళ్లు దాటాక గుడ్లు పెట్టడానికి తిరిగొచ్చిన తాబేలే ఒడ్డుకు కాస్త దూరంలో వలకు చిక్కుతోంది. అందుకే ఈ మూడు నాలుగు నెలలు అంత కీలకం.