ఊపిరితిత్తులకు కణపటము

మన శరీరము జీవకణములతో నిర్మితమైనదని ఉన్నత పాఠశాల విద్యార్థులందరును ఎరుగుదురు. ఉల్లిపొరను సూక్ష్మదర్శిని క్రింద ఉంచి, ఇటుకల వరుసవలె కనబడు కణములను వారు చూచియే యుందురు. 1665వ సంవత్సరములో రాబర్టు హుక్ బెండుముక్కలోని చిన్న చిన్న గదులకు 'సెల్' అని పేరు పెట్టెను. తరువాతి శాస్త్రజ్ఞులు కణములను వాని ఆకారమును బట్టియు, రంగులు అంటించినపుడు కనబడు తీరును బట్టియు వర్గీకరించుచు వచ్చిరి. కాని చూపునకు ఒకే తీరుగా నుండు రెండు కణములు వేర్వేరు పనులు చేయుచుండవచ్చును. ఆ భేదమును కనుగొనుట ఎట్లు?

జన్యువుల సందేశములు

ఒక మనుష్యుని కణములు దాదాపు అన్నిటియందును ఒకే జన్యువులు కలవు. వానిలో ప్రోటీనులను తయారుచేయించునవి సుమారు 20,000. అయితే ఏ కణమును వీనినన్నిటిని ఉపయోగించదు. పనిచేయుచున్న జన్యువు నుండి వార్తాహర ఆర్.ఎన్.ఏ. అను సందేశము వెలువడును. ఒక కణములో ఏ సందేశములు ఎన్నెన్ని ఉన్నవో లెక్కించినచో ఆ కణము వృత్తి ఏదో తెలియును.

పూర్వము ఈ లెక్కను కణజాలమునంతటిని నూరి, మొత్తముగా కట్టెడివారు. ఇందులో ఒక చిక్కు కలదు. నూరుగురు విద్యార్థుల తరగతిలో ఒకనికి నూరు మార్కులు, తక్కిన వారందరికి సున్నలు వచ్చినచో సరాసరి 1. అందరికి ఒక్కొక్క మార్కు వచ్చినను సరాసరి 1 మాత్రమే! సరాసరిని చూచినవాడు ఆ ఒక్క విద్యార్థిని ఎన్నటికి గుర్తింపలేడు.

ఒక్కొక్క కణమును చదువుట

ఒకే కణములోని సందేశములను చదువుట 2009లో సాధ్యమయ్యెను. 2015 నాటికి వేలకొలది కణములను ఒక్కసారిగా చదువు పద్ధతులు వచ్చినవి. మొదట ఎంజైములతో కణజాలమును విడదీసి, కణములను వేరుచేయుదురు. తరువాత సన్నని గొట్టములలో, నూనె మధ్య తేలు నీటిబిందువులలో, ఒక్కొక్క కణమును ఒక్కొక్క సూక్ష్మమైన పూసతో చేర్తురు. ప్రతి పూసకును తనదైన గుర్తు కలదు. కణము పగిలినపుడు దాని సందేశములన్నిటికి ఆ గుర్తు అంటుకొనును. పిమ్మట అన్నిటిని కలిపి చదివినను చిక్కులేదు. పరీక్షలో జవాబు పత్రములన్నియు ఒకే కట్టలో కలిసినను, హాల్ టికెట్టు నంబరును బట్టి ఏది ఎవరిదో తెలియును గదా! చివరకు కంప్యూటరు ఒకే విధమైన పట్టికలు గల కణములను ఒక గుంపుగా చేర్చును. ఒక్కొక్క గుంపు ఒక్కొక్క కణజాతి.

కనబడని కణము కనబడెను

ఈ పద్ధతి ఫలితమునకు చక్కని ఉదాహరణము ఊపిరితిత్తులలో లభించినది. సిస్టిక్ ఫైబ్రోసిస్ అను వంశపారంపర్య వ్యాధిలో శ్లేష్మము చిక్కబడి వాయుమార్గములను పూడ్చివేయును. అందు సూక్ష్మజీవులు చేరి ఊపిరితిత్తులను క్రమముగా పాడుచేయును. క్లోరైడు అయానులకు దారి ఇచ్చు సి.ఎఫ్.టి.ఆర్. అను ప్రోటీనులోని లోపమే దీనికి కారణము. ఆ ప్రోటీను జన్యువును 1989లోనే కనుగొనిరి. శైలికలు గల సాధారణ కణములే దానిని కొద్దికొద్దిగా తయారుచేయునని చాలాకాలము తలచిరి.

2018లో రెండు పరిశోధక బృందములు వేర్వేరుగా ఎలుక వాయునాళపు కణములను, మనుష్యుల వాయుమార్గ కణములను ఒక్కొక్కటిగా చదివినవి. అందు ఎవరును ఎరుగని ఒక కణజాతి బయటపడినది. చేపల మొప్పలలో అయానులను నియంత్రించు కణములను పోలియున్నందున దీనికి అయానోసైటు అని పేరిడిరి. ఇవి నూటికి ఒకటి గాని అంతకంటె తక్కువ గాని ఉండును. అయినను ఎలుకలలో సి.ఎఫ్.టి.ఆర్. సందేశములలో సగమునకు పైగా వీనియందే కనబడినవి. నూరు మార్కుల విద్యార్థి దొరికెను!

కాని కథ అంతటితో ముగియలేదు. మనుష్యుల వాయుమార్గములలో స్రావక కణములు ఒక్కొక్కటి కొద్దిగానే తయారుచేసినను, సంఖ్యాధిక్యముచేత మొత్తములో వాని భాగమే ఎక్కువయని 2021లో వెలువడిన పరిశోధన తెలిపినది. ఇది పండితుల వాదము మాత్రము కాదు. లోపమున్న ప్రోటీనును సరిదిద్దు మందులు నేడు కలవు. కాని ప్రోటీను బొత్తిగా తయారుకాని రోగులకు అవి పనిచేయవు. అట్టివారికి మంచి జన్యువును అందింపవలెను. ఏ కణమునకు అందించుట? అయానోసైటులును స్రావక కణములును ఆధార కణముల సంతతియే కనుక, మూలమైన వానిని సరిదిద్దగలిగినచో రెండు జాతులకును మేలు కలుగును. చికిత్సకు పూనుకొనువారికి పటము ఇట్లు దారి చూపును.

మానవ శరీరమునకంతటికి ఇట్టి పటమును సిద్ధము చేయుటకు 2016లో అంతర్జాతీయ కృషి ప్రారంభమైనది. అందులో భాగముగా 2023లో ప్రకటించిన ఊపిరితిత్తుల పటములో 486 మందికి చెందిన 24 లక్షలకు పైగా కణములు చేరినవి. కణజాలమును విడదీయుటచే ఏ కణము ఎక్కడ నుండెనో తెలియకపోవు లోపము కలదు. కణములను స్వస్థానమునందే ఉంచి చదువు పద్ధతులు దీనిని పూరించుచున్నవి. ఉల్లిపొరలో ఇటుకలవలె ఒకే తీరుగా కనబడు కణములను చూచునపుడు, వానిలో ప్రతియొకటియు ఏ పని చేయుచున్నదని ప్రశ్నించుట విద్యార్థులకు మంచి అలవాటు.